సౌకార్‌పేటలో వేటమాంసం ముచ్చట



నెల్లూరు, చిత్తూరు, తిరువళ్లూరు వైపు ఇంట్లో పెళ్లి కుదిరిందంటే బట్టలకు మద్రాసు సౌకార్‌పేటకు బయలుదేరడం మనకు ఎప్పటినుంచో అలవాటు. సౌకార్ అంటే మరెవరో కాదు, మన షావుకారే. 1950లో వచ్చిన ‘షావుకారు’ సినిమాతో జానకిగారికి ఇంటిపేరులా అతుక్కుపోయిన మాట కూడా అదే. మార్వాడీ, గుజరాతీ వర్తకులు ఇక్కడ స్థిరపడక ముందునుంచీ ఈ చుట్టుపక్కల తెలుగు కోమట్లు, బేరిశెట్లు వ్యాపారం చేశారు. ఇప్పుడు టంకశాల వీధి, అంటే మింట్ స్ట్రీటు, వెంట నడిస్తే కచోరీలు, జిలేబీలు, కాగే పాల వాసన ముంచెత్తుతుంది. అటువంటి పేటలో కూర్చుని దుప్పి మాంసం గురించి మాట్లాడవలసి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

జరిగింది ఇదీ. నేను అక్కడ ఒక మార్వాడీ జైనుల ఇంట్లో పైభాగం అద్దెకు తీసుకుని ఉంటున్నాను. కోడిగుడ్డు కూడా మెట్లెక్కకూడదన్నది మొదటి రోజు ఒప్పందం. ఒకనాటి సాయంత్రం న్యూజిలాండ్‌లో ఉన్న మా మేనల్లుడు ఫోన్ చేశాడు. “మామయ్యా, ఇక్కడ అంగట్లో దుప్పి మాంసం అమ్ముతున్నారు. మీ అవ్వ చేసేదని అమ్మ చెబుతుందే, ఆ పులుసు ఎలా చెయ్యాలి?” అన్నాడు. నాకు చెవుడు కాకపోయినా గట్టిగా మాట్లాడే అలవాటు. కింద గుమ్మంలో ఇంటాయన కూర్చుని ఉన్నారు.

ముందు ఒక మాట. అక్కడి దుప్పి మన దుప్పి కాదు. 19వ శతాబ్దంలో తెల్లవాళ్లు వేట సరదా కోసం ఐరోపా నుంచి తీసుకెళ్లి వదిలిన ఎర్రదుప్పి. అది పెరిగి పెరిగి అక్కడి అడవికే చేటు తెచ్చింది. 1970 ప్రాంతం నుంచి కంచెలు వేసి గొర్రెల్లా మందలుగా పెంచి, మాంసం ఎగుమతి చేస్తున్నారు. కాబట్టి మావాడు చేసేది నేరం కాదు. అదే పని సత్యవేడులోనో నాగలాపురంలోనో చేస్తే నేరుగా జైలుకే.

దుప్పి మాంసాన్ని ఇంగ్లీషులో వెనిసన్ అంటారు. ఆ మాటకు మూలం లాటిన్‌లో వేట అనే అర్థమున్న మాట. మొదట వేటాడిన ఏ జంతువు మాంసమైనా వెనిసనే. రానురాను దుప్పి జాతికి మాత్రమే మిగిలింది. మన భాషలో చూడండి. వేటమాంసం అంటే కోస్తాలో ఈనాడు ఎవరికైనా పొట్టేలు మాంసమో మేక మాంసమో గుర్తుకొస్తుంది. బలికిచ్చే పోతును కూడా వేట అనే అన్నారు. అక్కడ మాట దుప్పి దగ్గర ఆగితే, ఇక్కడ దొడ్లోని జీవాన్ని చేరుకుంది. మృగం అన్న మాట కూడా సంస్కృతంలో అడవి జంతువుకూ, జింకకూ రెండింటికీ చెల్లుతుంది.

వంటింటి చరిత్రలో దుప్పి ఎక్కడ కనబడుతుందంటే, ముందు రాజుల దగ్గర. కల్యాణి చాళుక్యుడు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో సంస్కృతంలో రాయించిన ‘మానసోల్లాసం’లో అన్నభోగమని ఒక భాగముంది. పంది, జింక, మేక మాంసాలను శూలాలకు గుచ్చి కాల్చడం, పుల్లటి రసాలలో నానబెట్టడం, ఇంగువ, అల్లం, మిరియాలు పట్టించడం అందులో చూస్తాం. మిరపకాయ పేరు కూడా లేదు. పోర్చుగీసువారు వచ్చేదాకా ఈ దేశానికి మిరప తెలియదు మరి. ఇక రాజులు కాని వారి మాట. మన శ్రీకాళహస్తి తిన్నడిని మించిన సాక్షి ఎవరు? తమిళంలో శేక్కిళార్ 12వ శతాబ్దంలో, తెలుగులో ధూర్జటి 16వ శతాబ్దంలో ఆ కథ చెప్పారు. వేటాడిన మాంసాన్ని కాల్చి, రుచి చూసి, మెత్తని ముక్కలే శివుడికి పెట్టాడు తిన్నడు. వంటవాడి ధర్మమంతా అందులోనే ఉందని నా అభిప్రాయం.

తెల్లదొరల మద్రాసులో వంట మరో దారి పట్టింది. కెన్నీ-హెర్బర్ట్ అనే సైనికాధికారి వైవర్న్ అన్న కలం పేరుతో మద్రాసు దొరసానుల కోసం వంటల పుస్తకం రాస్తే, 1878లో హిగ్గిన్‌బోథమ్స్ వారు అచ్చువేశారు. అందులో వంటవాడికి ఆయన పెట్టిన పేరు రామసామి. చీవాట్లన్నీ రామసామికే, పేరు మాత్రం దొరకు!

మా అవ్వ పులుసు నేను తిన్నది ఒక్కసారే, 1970 ప్రాంతంలో. నాకు పదేళ్లుంటాయి. కొండ దిగువ నుంచి ఎవరో తెచ్చిన ఉప్పుకండలు అవి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. దుప్పిని వేటాడటమే కాదు, దాని మాంసం ఇంట్లో ఉంచుకోవడమూ నేరమైంది. మొదటి షెడ్యూల్లో ఉన్న కృష్ణజింకను చంపితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా శిక్ష. ఆ కృష్ణజింకే ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు; తెలంగాణకు మచ్చల జింక. సౌకార్‌పేట నుంచి బస్సెక్కితే గిండీ వనంలో రెండింటినీ చూడవచ్చు.

ఫోన్ పెట్టేసి కిందికి దిగితే ఇంటాయన పిలిచారు. ఇక ఇల్లు ఖాళీ చెయ్యమంటారనుకున్నాను. ఆయన తమిళంలో నింపాదిగా తమ జోధ్‌పూర్ సంగతి ఎత్తారు. వేటకు వెళ్లిన రాజపుత్రులు అడవిలో మాంసం, నెయ్యి, ఉప్పు, ఎండుమిరపకాయలతోనే వండుకునేది జంగ్లీ మాస్. అదే ఎడారిలో జింక జోలికి ఎవరినీ రానివ్వని బిష్ణోయిలు. 1730లో ఖేజర్లీలో జమ్మిచెట్లను నరకవద్దని వాటిని కావలించుకుని వాళ్లు 363 మంది ప్రాణాలిచ్చారు. “మేము మూడోరకం, పప్పు తిని లెక్కలు రాసుకునేవాళ్లం” అని నవ్వారు. ఆ నవ్వు చూశాక నాకు అన్నం సహించింది.

మర్నాడు మేడ మీదికి వెళ్లి, గొంతు తగ్గించి మావాడికి చెప్పాను. దుప్పి మాంసంలో కొవ్వు ఉండదు. పెద్ద మంట పెడితే తోలులా బిగుస్తుంది. కిలో జబ్బ మాంసానికి పసుపు, ఉప్పు, అల్లం వెల్లుల్లి పట్టించి రాత్రంతా ఉంచు. కొవ్వు లేని లోటుకు నువ్వులనూనె ధారాళంగా పొయ్యి. ఉల్లిపాయలు ఎర్రగా వేగాక ముక్కలు వేసి, నీళ్లు ఇగిరేదాకా తిప్పు. దంచిన మిరియాలు, ధనియాలు వేసి, ముక్క మునిగేటట్టు వేణ్ణీళ్లు పోసి మూతపెట్టు. మూత మీద కూడా కాసిని నీళ్లు పొయ్యి. మూడు గంటలు సన్న సెగ. బుడగ తెర్లకూడదు, కదలాలి అంతే. చింతపండు చివరి అరగంటలోనే. మన దేశంలో వండేవారు ముదురు పొట్టేలుతో ఇదే చేసుకోవచ్చు, నూనె తగ్గించి.

వారం తర్వాత ఫోన్ చేశాడు. రెండు గంటలకే ఆకలాగక దించేశాడట. ముక్క కొంచెం సాగిందట. సంగటికి రాగిపిండి దొరక్క రొట్టెతో తిన్నారట. “ఈసారి ఆదివారం పొద్దున్నే పొయ్యి మీద పెడతాను మామయ్యా” అన్నాడు.