వేలశాలలో స్కాట్లండు చిత్రకళ

స్కాట్లండున పుట్టినవారో, పెరిగినవారో, అచటి కొండలను, సాగరతీరములను, నగరవీథులను తమ కళకు వస్తువుగా గ్రహించినవారో అగు చిత్రకారుల కృతులను వేరుగా సమకూర్చి, సచిత్రమైన పట్టికను ముద్రించి, బహిరంగముగా పాట పెట్టి విక్రయించు వేలములు బ్రిటనులోని కళావర్తకమున ఒక ప్రత్యేకశాఖగా నేర్పడియున్నవి. లండనున సోద్‌బీస్, క్రిస్టీస్ సంస్థలును, ఎడింబరోలో 1826లో స్థాపితమైన లయన్ అండ్ టర్న్‌బుల్ సంస్థయు, బోన్‌హామ్స్ వారి శాఖయు, గ్లాస్గోలో 1842 నాటి మెక్‌టియర్స్ సంస్థయు ఈ వర్తకమున ప్రసిద్ధములు. సోద్‌బీస్ వారు చాలకాలము గ్లెనీగిల్స్ హోటలునందును, పిదప ఎడింబరో చేరువనున్న హోప్‌టన్ భవనమునందును స్కాట్లండు చిత్రములను వేలమువేసిరి. వేటకును గోల్ఫు ఆటకును ధనవంతులు వచ్చి చేరు వేసవి చివరి దినములను గ్లెనీగిల్స్ వేలమునకు నిర్ణయించుటలో ఆ వర్తకుల లోకజ్ఞత గోచరించును.

స్కాట్లండు చిత్రకారుడెవడను ప్రశ్నకు వేలపు పట్టిక చెప్పు సమాధానము మిక్కిలి ఉదారమైనది. జాన్ లేవరీ బెల్‌ఫాస్టున పుట్టినవాడు. ఎడ్వర్డ్ హార్నెల్ ఆస్ట్రేలియాలోని బాకస్ మార్ష్ గ్రామమున జన్మించినవాడు. జోన్ ఎర్డ్లీ జన్మస్థలము దక్షిణ ఇంగ్లండులోని ససెక్స్ మండలము. వీరందరును స్కాట్లండు శీర్షికక్రిందనే విక్రయింపబడుచున్నారు. 1959లో ఎడింబరోలో పుట్టి, ట్రినిడాడులోను కెనడాలోను పెరిగిన పీటర్ డోయిగ్ మాత్రము ఈ కూటమికి వెలుపలనే యున్నాడు. ఆతని 'వైట్ కనూ' 2007లో లండను వేలమున యాబదియేడు లక్షల పౌనులకు పోవుటచే, ఆతనిని అంతర్జాతీయ సమకాలిక కళావేలములలో చేర్చుటయే వర్తకులకు లాభదాయకమయ్యెను. కావున ఈ విషయమున జాతీయత జన్మపత్రికను బట్టికాక, కొనుగోలుదారు ఎచట దొరకునో ఆ స్థలమును బట్టి నిర్ణీతమగుచున్నదని చెప్పవచ్చును. స్కాట్లండు చిత్రకళాసంప్రదాయమని నేడు వ్యవహరింపబడుచున్న దానిని రూపొందించుటలో పండితులతోపాటు వర్తకులకును గొప్ప భాగము కలదు.

పట్టికలో కాలక్రమమున ముందు నిలుచువారు పదునెనిమిదవ శతాబ్దపు రూపచిత్రకారులు. ఆలన్ రామ్సే (1713–1784) ఎడింబరోలో పుట్టి, ఇటలీలో శిక్షణము పొంది, మూడవ జార్జి రాజునకు ఆస్థానచిత్రకారుడయ్యెను. హెన్రీ రేబర్న్ (1756–1823) అట్లుగాక, జీవితమును దాదాపు ఎడింబరోలోనే గడపి, ఆ నగరమందలి న్యాయమూర్తులను, ఆచార్యులను, ఉన్నతభూముల సర్దారులను విశాలమైన కుంచెపోటులతో చిత్రించెను. ఇరువదవ శతాబ్దారంభమున అమెరికా కోటీశ్వరులు తమ సౌధములకు పూర్వికుల మర్యాదను సంపాదించుకొన గోరి రేబర్న్ చిత్రములకై పోటీపడిరి; ఆ వెఱ్ఱి తగ్గిన పిమ్మట ధరలును దిగిపోయినవి. ఇతరుల తాతముత్తాతల ముఖములను గోడకు వ్రేలాడదీయవలెనను కోరిక చిరకాలము నిలువదు గదా!

రేబర్న్ తన చిత్రములపై సంతకము చేయుట అరుదు. అందుచే వేలపు పట్టికలోని పరిభాషయంతయు ఆతని విషయమున అక్కరకు వచ్చును. పట్టికలో చిత్రకారుని పూర్తి నామము నిర్విశేషముగా నున్నచో ఆ కృతి ఆతని స్వహస్తకృతమని సంస్థవారి యభిప్రాయము. 'ఆతనిదిగా భావింపబడునది' యన్నచో కొంత సందేహము మిగిలియున్నదని గ్రహింపవలెను. 'ఆతని చిత్రశాలనుండి', 'ఆతని పరివారమునుండి', 'ఆతని అనుయాయి', 'ఆతని రీతిలో' అని మాట మెట్టుమెట్టుగా దిగినకొలది ధరయు దిగును. చిట్టచివర 'ఆతని చిత్రమునకు నకలు' అను మాట యుండును. ప్రఖ్యాతచిత్రములకును ఈ సందేహము తప్పలేదు. డడింగ్‌స్టన్ సరస్సున గడ్డకట్టిన నీటిపై జారుచున్న మతాచార్యుడు రాబర్ట్ వాకర్ చిత్రమును స్కాట్లండు జాతీయచిత్రశాల 1949లో సంపాదించెను. అది దేశచిహ్నమంత పేరు గాంచిన పిదప, 2005లో ఒక నిపుణుడు అది రేబర్న్ కృతి గాక, ఫ్రెంచి చిత్రకారుడగు డాన్లూ కృతి కావచ్చునని వాదించెను. చిత్రశాల మాత్రము రేబర్న్ పేరునే నిలిపియున్నది.

ఫైఫ్ మండలమున జన్మించిన డేవిడ్ విల్కీ (1785–1841) గ్రామీణజీవిత చిత్రములకు ప్రసిద్ధుడు. భారతీయపాఠకులకు ఆతనితో మరియొక సంబంధము కలదు: 1799లో శ్రీరంగపట్టణపు కోట పడిన రాత్రి స్కాట్లండు సేనాని డేవిడ్ బెయిర్డ్ టిప్పుసుల్తాను కళేబరమును కనుగొనుట వస్తువుగా, బెయిర్డ్ భార్య కోరికపై, ఆతడు 1839లో ఒక మహాచిత్రమును పూర్తిచేసెను. ఇట్టి బృహత్‌కృతులు వేలమునకు రావు; విల్కీ రేఖాచిత్రములును, సిద్ధతకై వ్రాసికొన్న చిన్న తైలచిత్రములును మాత్రము వచ్చుచుండును.

విక్టోరియా రాణి కాలపు ప్రకృతిచిత్రములు ఈ వేలములలో సంఖ్యకు లోటులేనివి. పొగమంచు, జింకలు, శిథిలదుర్గములు, ఎఱ్ఱబారిన పశ్చిమాకాశము — హొరేషియో మెకలక్ (1805–1867) వంటి సమర్థుని చేతిలో గంభీరములైన ఈ వస్తువులు అనుకర్తల చేతిలో అలంకారములుగా మాత్రమే మిగిలినవి. జోసెఫ్ ఫార్కర్‌సన్ (1846–1935) సంగతి కొంత వినోదకరమైనది. ఆబర్డీన్ మండలమున ఫిన్నన్ భూములకు అధిపతియగు ఈతడు మంచులో నిలిచిన గొఱ్ఱెలను అసంఖ్యాకముగా చిత్రించుటచే, గడ్డకట్టిన మాంసము పేరిట ఒక ఎగతాళి బిరుదును సంపాదించుకొనెను. చక్రములుగల చిన్న గుడిసెలో పొయ్యి వెలిగించుకొని కూర్చుండి, కిటికీగుండ ఆ మంచును చూచి వ్రాసెడివాడట! విమర్శకులు నవ్వినను, క్రిస్మస్ శుభాకాంక్షల పత్రములపై ఆ గొఱ్ఱెలు నేటికిని తిరుగుచునే యున్నవి. విలియం మెక్‌టాగర్ట్ (1835–1910) వీరికంటె భిన్నుడు; మాక్రిహానిష్ తీరమున గాలిని, నురుగును, వెలుతురును కుంచెతో పట్టిన ఆతని ఉత్తరకాలకృతులను ఫ్రెంచి ఇంప్రెషనిస్టులకు సమాంతరముగా నెన్నుటయు కలదు.

1880ల ప్రాంతమున గ్లాస్గోలో కొందఱు యువకులు ఎడింబరో అకాడమీ మర్యాదలను ధిక్కరించి, కోబర్న్స్‌పాత్ వంటి పల్లెలలో ఆరుబయట కూర్చుండి వ్యవసాయజీవనమును చిత్రించిరి. జేమ్స్ గత్రీ, లేవరీ, వాల్టన్, జార్జ్ హెన్రీ, హార్నెల్, జోసెఫ్ క్రాహాల్, ఆర్థర్ మెల్‌విల్ మొదలగువారు 'గ్లాస్గో బాయ్స్' అని ప్రసిద్ధులైరి. ఓడల నిర్మాణముచేతను, బొగ్గు ఇనుముల వర్తకముచేతను ధనికమైన ఆ నగరమున వంశగౌరవము లేని క్రొత్త భాగ్యవంతులు క్రొత్త కళను కొన సిద్ధముగా నుండిరి. వారికిని చిత్రకారులకును నడుమ నిలిచిన వర్తకుడు అలెగ్జాండర్ రీడ్ (1854–1928). ఈతడు పారిసున వాన్ గో సోదరులతో ఒకే యింట వసించి, విన్సెంటుచే తన రూపమును చిత్రింపజేసికొన్నవాడు. రీడ్ సాయముతోను, నౌకాధిపతి విలియం బరెల్ సాయముతోను హెన్రీ, హార్నెల్ ఇరువురును 1893–94 సంవత్సరములలో జపానునకు పోయిరి. తిరుగుప్రయాణమున హెన్రీ తైలచిత్రములు తడియారకయే చుట్టబడి, ఒకదానికొకటి అంటుకొని పెక్కు పాడైనవి. ఆతని జపాను తైలచిత్రము వేలమునకు వచ్చుట అరుదగుటకు ఇదియే కారణము.

హార్నెల్ విషయము వేలశాల స్వభావమునకు చక్కని నిదర్శనము. హెన్రీతో కలిసి 1890లో ఆతడు వ్రాసిన 'ద డ్రూయిడ్స్' చిత్రమున బంగారు పూతయు, విచిత్రమైన అలంకారరచనయు కలిసి అపూర్వసాహసమును ప్రకటించుచున్నవి. అట్టివి చిత్రశాలలకు చేరిపోయినవి. తరువాత కర్‌కూబ్రీ పట్టణమందలి తన యింట, ఛాయాచిత్రముల యాధారమున, పూలనడుమ కూర్చుండిన బాలికలను ఒకే సూత్రమును పట్టి దశాబ్దములపాటు ఆతడు వ్రాసిపోయెను. కళాదృష్ట్యా ఇది క్షీణదశయే యని నా తలంపు. అయినను పాటదారులకు కావలసినవి ఆ బాలికలే. గుర్తించుటకు సులభమైన వస్తువునకు వేలమున ఎల్లప్పుడును గిరాకి కలదు.

ఈ వేలములకు మకుటాయమానములు నిస్సంశయముగా 'స్కాటిష్ కలరిస్టులు' అను నలుగురి కృతులు: శామ్యూల్ పెప్లో (1871–1935), జాన్ డంకన్ ఫెర్గసన్ (1874–1961), జార్జ్ లెస్లీ హంటర్ (1877–1931), ఫ్రాన్సిస్ కాడెల్ (1883–1937). వీరు సంఘముగా నేర్పడినవారు కారు, ప్రకటనపత్రమేదియు వెలువరింపలేదు. 1924లో పారిసున బార్బజాంజ్ చిత్రశాలలో నలుగురి చిత్రములును కలిసి ప్రదర్శితములైనవి. ఈ పేరు జనసామాన్యమున నాటుకొన్నది 1950లో, టి. జె. హనీమన్ పెప్లో, కాడెల్, హంటరులను గూర్చి వ్రాసిన గ్రంథముతో. ఫెర్గసన్ అప్పటికి జీవించియుండుటచే అందు చేరలేదు. హనీమన్ మొదట వైద్యుడు, పిదప రీడ్ సంస్థ ఒక లండను సంస్థతో కలిసిన తరువాత అందు చిత్రవర్తకుడు, అటుపై గ్లాస్గో కెల్విన్‌గ్రోవ్ చిత్రశాలాధిపతి. ఒక చిత్రకారవర్గమునకు నామకరణము చేసినవాడు పూర్వాశ్రమమున వారి చిత్రములను అమ్మినవాడే యనుట గమనింపదగినది.

పెప్లో ఎడింబరోవాడు, 1910లో పారిసునకు పోయి రెండేండ్లుండి, సెజాన్, మాటిస్‌ల ప్రభావముచే తన పూర్వపు మెత్తని బూడిదవన్నెలను విడిచి ప్రఖరవర్ణములను చేపట్టెను. ఆ చిత్రములతో తిరిగివచ్చిన ఆతనికి పాతవర్తకుడే ప్రదర్శనము నిరాకరించెను. నాడు గోడకెక్కుటకు నోచుకొనని ఆ రీతియే నేడు అత్యంతప్రియమైనది. గులాబీలు, ట్యూలిపులు, నల్లని విసనకఱ్ఱ, ఒక పండు, ఒక పుస్తకము — ఇంతమాత్రపు సామగ్రితో రంగునకు రంగు ఒరసికొని పలుకునట్లు కూర్చుటలో ఆతడు అద్వితీయుడు. అయితే వేలమున అత్యధికమూల్యము పలికినవానిలో, ఆ మార్పునకు పూర్వము 1905 ప్రాంతమున వ్రాసిన 'ద కాఫీ పాట్' ఒకటి. అది 2011లో క్రిస్టీస్ వారి వేలమున తొమ్మిదిలక్షల పౌనులను మించి పలికినది.

కాడెల్ ఎడింబరో ఉన్నతవర్గపు అందచందములకు చిత్రకారుడు. తెల్లని గదులు, మెఱుగుపెట్టిన నేలలు, నల్లని టోపీ ధరించిన వనితలు ఆతనికి ప్రీతిపాత్రములు. మొదటి ప్రపంచయుద్ధమున కందకములలో పోరాడి వచ్చిన తరువాత ఆతని రంగులు మఱింత తీక్ష్ణములై, రూపములు సమతలములైనవి. పశ్చిమతీరమందలి అయోనా ద్వీపమునకు 1912 నుండి ఆతడు పోవుచుండెను. 1920 నుండి పెప్లోయు తోడయ్యెను. అచటి తెల్లని ఇసుకయు, పచ్చలవన్నె నీరును గల చిన్నచిన్న పలకలు నేడు గొప్ప ధరకు పోవుచున్నవి. కాడెల్ మాత్రము చివరియేండ్లలో అర్థకష్టములపాలై మరణించెను. హంటర్ భాగ్యము మఱియు విషమమైనది. కాలిఫోర్నియాలో యౌవనము గడపి, తొలి ప్రదర్శనము జరుగబోవు తరుణమున 1906 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపమున తన కృతులనెల్ల కోల్పోయెను. నిలుకడలేని చేయి ఆతనిది; లోమండ్ సరస్సుపై నావాగృహములను చిత్రించిన కాలమున మాత్రము ఆతడు తక్కినవారికి తీసిపోడు.

స్త్రీలలో ఇరువురిని పేర్కొనవలెను. గాలషీల్స్ పట్టణమున ఉన్నివస్త్రముల రూపకర్తకు కుమార్తెయై పుట్టిన ఆన్ రెడ్‌పాత్ (1895–1965), 1952లో స్కాట్లండు రాయల్ అకాడమీకి పూర్ణసభ్యురాలిగా ఎన్నికైన ప్రథమచిత్రకారిణి. జోన్ ఎర్డ్లీ (1921–1963) గ్లాస్గోలోని టౌన్‌హెడ్ పేటలో చినిగిన స్వెటరులతో వీథులలో ఆడుకొను పిల్లలను, ఈశాన్యతీరమున కాటర్లైన్ అను బెస్తపల్లెలో తుఫాను సముద్రమును చిత్రించెను. గాలివానలో పలకను కట్టి నిలిపి వ్రాసిన ఆ సముద్రచిత్రములలో ఇసుకయు, గడ్డిగింజలును రంగులో అంటుకొనియుండుట కలదు. నలువదిరెండవ యేటనే ఆమె మరణించుటచే కృతుల సంఖ్య పరిమితము. కలరిస్టుల ధరలతో పోల్చినచో ఆమెకు లభించిన గుర్తింపు ఆలస్యముగా వచ్చినదనియే చెప్పవలెను.

వేలశాలయు పండితలోకమును బాహాటముగా విడిపోయిన సందర్భము జాక్ వెట్రియానో (1951–2025) యెడ సంభవించినది. ఫైఫ్ బొగ్గుగనుల ప్రాంతమున పుట్టి, పదునారవయేట చదువు మాని, స్వయంకృషిచే చిత్రకారుడైన ఈతని 'ద సింగింగ్ బట్లర్' 2004 ఏప్రిలున హోప్‌టన్ వేలమున 7,44,800 పౌనులకు అమ్ముడై, అంతవరకు స్కాట్లండులో విక్రయింపబడిన చిత్రములన్నిటిని మించినది. సముద్రతీరమున వానలో నృత్యము చేయు దంపతులు, వారికి గొడుగు పట్టిన సేవకులు — ఈ దృశ్యము ముద్రితప్రతులుగా ఇంటింట చేరినది. జాతీయచిత్రశాలలవారు మాత్రము ఆతనిని చాలకాలము ఆదరింపలేదు. మరుసటి యేట, చిత్రమందలి ఆకృతులు చిత్రకారుల యుపయోగార్థము ప్రకటితమైన ఒక భంగిమల గ్రంథమునుండి గ్రహింపబడినవని తేలినది. అట్టి గ్రంథములను వాడుట నేరము కాదు గాని, చిత్రమున ఆ బిగిసిన నిలుకడ దాగదు.

వేలపు నిర్వహణమున కొన్ని నియమములు సర్వసాధారణములు. ప్రతి వస్తువునకును పట్టికలో కనిష్ఠ గరిష్ఠ అంచనాలు రెండు ముద్రితములగును. ఇంతకు తక్కువకు అమ్మరాదని యజమాని రహస్యముగా నిర్ణయించు ధర కనిష్ఠపు అంచనాను మించరాదు. పాట అంతవరకు రానిచో వస్తువు అమ్ముడుపోదు, అట్లు మిగిలిపోయిన చిత్రమునకు కొన్నేండ్లవరకు మచ్చ తప్పదు. సుత్తిదెబ్బతో పాట ముగిసిన ధరపై కొనుగోలుదారు సంస్థకు అదనపు రుసుము చెల్లింపవలెను. పత్రికలలో ప్రకటితమగు ధరలు సాధారణముగా ఈ రుసుముతో కూడినవి. పూర్వము పాటలు గినీలలో సాగెడివి. గినీయనగా ఇరువదియొక్క షిల్లింగులు.

అనుభవజ్ఞుడైన కొనుగోలుదారు చిత్రమును త్రిప్పి వెనుకభాగము చూచును. ప్రదర్శనశాలల చీటీలు, వర్తకుల ముద్రలు, పాత యజమానుల పేర్లు అచటనే లభించును. కాడెల్ తన పలకల వెనుక, ఇది రంగును పీల్చుకొను పూతపై వ్రాసినదనియు ఎన్నడును వార్నిషు పూయరాదనియు స్వయముగా వ్రాసియుంచెడివాడు. ఆ ఆజ్ఞను మీరి మెఱుగు పూసిన చిత్రములలో ఆతనికి ఇష్టమైన సున్నపు తెలుపువంటి పొడితనము నశించినది. అట్టివాని ధరయు ఆమేరకు తగ్గును.

2006 నుండి బ్రిటనులో మఱియొక నియమము చేరినది. జీవించియున్న చిత్రకారుని కృతి మరల అమ్ముడైనపుడు ధరలో నాలుగుశాతముతో మొదలై, ధర పెరిగినకొలది తగ్గు భాగము ఆతనికి చెందును. 2012 నుండి ఈ హక్కు మరణానంతరము డెబ్బదియేండ్లవరకు వారసులకును సంక్రమించినది. పెప్లో, హంటర్, కాడెల్ కృతులకు ఆ గడువు అప్పటికే తీరిపోయెను. ఫెర్గసన్ కృతులపై ఈ భాగము 2031 చివరివరకును, ఎర్డ్లీ కృతులపై 2033 చివరివరకును చెల్లవలసియున్నది.