ఉన్మాదరోగులందు అనిచ్ఛాచలనములు: మందులకు మునుపు, పిదప

ఉన్మాదరోగి మాటిమాటికి నాలుక చాపుచు, పెదవులు చప్పరించుచు, ఏదియో నములుచున్నట్లు దవడ లాడించుచుండ, చూచువారిలో కొందరు పూనక మందురు. నేడు పలువురు మందుల దోషమని తేల్చివేయుదురు. మొదటిది పొరపాటు, రెండవది సగము సత్యము. ఆ సగమును నమ్మి రోగిచేత మందు మాన్పించుట అపాయకరము గనుక, దీని చరిత్రను హోసూరు, కృష్ణగిరి సీమల తెలుగు కుటుంబములు తెలిసికొనవలసి యున్నది.

నేటి మందులు పుట్టకమునుపే ఈ వికారములు వైద్యుల కంటబడినవి. 1874లో కాల్‌బౌమ్ అను జర్మను వైద్యుడు మనోరోగులందలి బిగుసుదనమును, వింత భంగిమలను వర్ణించెను. 20వ శతాబ్ది తొలినాళ్లలో క్రేపెలిన్ వారి ముఖములందలి అకారణ చలనములను గుర్తించెను.

మన దేశమున 1931లో గణనాథ సేన్, కార్తికచంద్ర బోస్ గారలు సర్పగంధ వేరు ఉన్మాదమును శమింపజేయునని ప్రకటించిరి. 1952లో ఆ వేరునుండి రిసర్పిన్ వేరుచేయబడెను. ఆ యేటనే పారిస్ నగరమున డిలే, డెనికర్ అనువారు క్లోర్‌ప్రోమజీన్‌ను రోగులకిచ్చి సత్ఫలితము గాంచిరి. ఈ మందులు మెదడులో డోపమీన్ అను పదార్థము చేయు పనిని తగ్గించును. అవయవముల కదలికకును ఆ పదార్థమే అవసరము. కావున కొందరికి చేతులు వణకెను, నడక బిగుసుకొనెను. దీర్ఘకాలము మందు వాడినవారిలో ఆలస్యముగా పొడచూపు చలనములకు 1964లో ‘టార్డివ్ డిస్కినీసియా’ అను పేరు కలిగెను.

మరి దోషము రోగమునదా, మందుదా? ఈ ప్రశ్నకు మన రాష్ట్రమే కొంత సమాధాన మిచ్చినది. మెక్‌క్రీడీ, తార మున్నగువారు తమిళనాట పరీక్షలు జరిపి 1996లో ఫలితములను ప్రకటించిరి. ఎన్నడును మందు పుచ్చుకొనని 21 మంది రోగులలో నూటికి 38 మందికి అనిచ్ఛాచలనములు కానవచ్చెను. మందు వాడిన 83 మందిలో అవి నూటికి 41. ఆరోగ్యవంతులలో 15 మాత్రమే. అనగా రోగము తానే కొన్ని చలనములను పుట్టించును. మందు మరికొన్నిటిని చేర్చగలదు.

హోసూరునకు సుమారు 40 కిలోమీటర్ల దూరమున బెంగుళూరు గలదు. అచ్చట 1954లో అఖిలభారత మానసికారోగ్య సంస్థ వెలసెను. 1974లో మానసిక వైద్యశాలతో కలిసి నిమ్హాన్స్ ఆయెను. చలనము కనబడినతోడనే వైద్యుని దర్శించి, అది ఎప్పుడు మొదలైనదో, ఏ మందు వాడుచున్నారో చెప్పవలయును. మోతాదు తగ్గింపవచ్చును, మందు మార్పవచ్చును. 2017 నుండి అమెరికాలో ఈ చలనములకే ప్రత్యేకౌషధములు అనుమతి పొందినవి. ఇంటివారు తమంతట తాము మందు మాన్పించినచో అణగియున్న ఉన్మాదము తిరుగబెట్టును.