వీధి అంచు ఎవరిది?

తమిళనాడులోని రాజపాళయంలోనూ, చుట్టుపక్కల చోళపురం, సేత్తూరు లాంటి ఊళ్లలోనూ జనం రోడ్డు మీదే నడుస్తారు. పక్కన ఫుట్‌పాత్ ఉన్న చోట కూడా చాలామంది దాని మీదికి ఎక్కరు. మనవాళ్లకు క్రమశిక్షణ లేదని, రోడ్డు మీద నడవడం చేతకాదని అనేస్తుంటారు. ఈ నింద నాకు అన్యాయంగా తోస్తుంది. మన వీధులు ఎలా పుట్టాయో చూస్తే, వీధి అంచు నడిచేవాళ్లకు ఏనాడూ దక్కలేదని తెలుస్తుంది. వాళ్లకు మిగిలింది వీధి నడుమ. అది కూడా కొందరికి పోరాడితే గానీ రాలేదు.

విజయనగర కాలంలో దక్షిణానికి తరలివచ్చిన రాజు కులపు కుటుంబాలు ఇక్కడ పళయపాళయం, పుదుపాళయం, సింగరాజకోట వంటి పేటలు కట్టుకున్నాయి. ఆ ఇళ్లలో ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు. ఈ సీమలో పాతకాలపు ఇంటి ముందు భాగం చూడండి. గోడను ఆనుకుని అరుగు, అరుగు పక్కన మెట్లు, మెట్ల ముందు మురుగుకాలవ, కాలవ మీద అడ్డంగా రాతిపలక, ఆ తర్వాత కళ్లాపి చల్లి ముగ్గు పెట్టిన నేల. అక్కడిదాకా ఇంటిదే. తెల్లవారుజామున పెట్టిన ముగ్గును తొక్కుకుంటూ ఎవరూ పోరు, పక్కకు తప్పుకుని వీధి నడుమకు వస్తారు. అప్పట్లో దానివల్ల ముప్పేమీ లేదు, ఎద్దుబండి మనిషి అడుగుతో సమానంగానే కదిలేది. వేగంలో తేడా లేనప్పుడు మనిషికీ బండికీ వేర్వేరు దారులు ఎందుకు? రథవీధుల వెడల్పును నిర్ణయించింది కూడా దేవుడి తేరే. ఆముక్తమాల్యద వల్ల తెలుగువాళ్లందరికీ తెలిసిన శ్రీవిల్లిపుత్తూరు ఇక్కడికి కూతవేటు దూరం. అక్కడ ఆడి మాసంలో ఆండాళ్ తేరు లాగేది వీధి నిండా నిలబడ్డ జనమే.

1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం వీధికి ఇచ్చిన నిర్వచనంలో బాటతో పాటు ఫుట్‌పాత్, మురుగుకాలవ, పక్క ఆస్తి హద్దుదాకా ఉన్న నేల, దాని మీద వరండా కట్టినా సరే, అన్నీ చేరతాయి. కాగితం మీద అంచంతా జనానిది. నేల మీద మాత్రం అది ఇంటివాళ్లదిగానే ఉండిపోయింది.

కొందరికి నడుమ భాగం కూడా దక్కలేదని పైన అన్నాను. దళితులు అగ్రకులాల వీధిలోకి అడుగుపెట్టకూడదు, పెట్టినా చెప్పులు చేతపట్టుకోవాలి, సైకిలు దిగి నడిపించుకుపోవాలి అన్న కట్టడి తమిళ దేశంలోనూ మన రాయలసీమలోనూ ఉండేది. పడమటి కనుమలకు ఆవల, కేరళలో ఉన్న వైకోంలో 1924 మార్చి 30న సత్యాగ్రహం మొదలైంది గుడిలోకి వెళ్లడానికి కాదు, గుడి చుట్టూ ఉన్న బాటల మీద నడవడానికి. 1925 నవంబరులో అది ముగిసేనాటికి కూడా తూర్పు బాట అందరికీ తెరుచుకోలేదు. అదే 1924లో మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ ప్రభుత్వ రోడ్లు, బావులు అణగారిన కులాలకు తెరవాలని తీర్మానం పెట్టి గెలిపించారు. నూరేళ్ల కిందట వీధిలో నడవడమే ఒక హక్కుగా సాధించుకోవలసి వచ్చింది. అలాంటి చోట పక్కకు తప్పుకోమనడం అందరి చెవులకూ ఒకేలా వినిపించదు.

మోటారు వచ్చాక పాశ్చాత్య దేశాల్లో కూడా జనం వీధిని తేలిగ్గా వదులుకోలేదు. అమెరికాలోని సిన్సినాటిలో 1923లో 42 వేల మంది కార్ల వేగానికి యంత్రంతోనే కళ్లెం వేయాలని సంతకాలు చేశారు. వాళ్లు ఓడిపోయారు. 1925లో లాస్ ఏంజెలెస్ కొత్త నిబంధనలతో నడిచేవాళ్లను అంచులకు, క్రాసింగులకు కట్టిపడేసింది. అయినా అక్కడ అంచున ఎక్కడానికి ఫుట్‌పాత్ అయినా ఉంది. మన చిన్న పట్టణాల్లో ఆ పేరుతో వచ్చింది ఎక్కువగా మురుగుకాలవ మీద మూత. ఒక పలక పూడిక తీయడానికి లేపి మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టనిది, ఇంకొకటి విరిగి ఇనుప కమ్మీ బయటికొచ్చినది. నాలుగడుగులు వేయగానే కరెంటు స్తంభం, తర్వాత స్కూటరు ఇంట్లోకి ఎక్కించడానికి పోసిన సిమెంటు వాలు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం 1.8 మీటర్ల అడ్డులేని వెడల్పు ఉండాలి, ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. మోకాలి నొప్పులున్న ముసలామె ప్రతి ఇంటి ముందూ ఎక్కి దిగుతూ బజారుకు పోవాలంటే ఎలా?

బాగున్న ఫుట్‌పాత్ కూడా ఖాళీగానే ఉంటోంది కదా అని అడగవచ్చు. నిజమే, ఉంటోంది. కానీ నడిచేవాడు దారిని ముక్కలుగా లెక్కవేయడు. యాభై గజాలు బాగుండి తర్వాత తెగిపోయే బాటను నమ్మి ఎక్కడం కన్నా మొదటి నుంచీ రోడ్డు వారన పోవడమే అతనికి మేలు. తోపుడు బండ్లను తప్పుపట్టేవాళ్లూ ఉన్నారు. 2014 చట్టం వీధి వ్యాపారులకు చోటు కేటాయించమంది, ఆ పని సరిగ్గా చేయని చోటే వాళ్లు నడిచేవాళ్లకు అడ్డమవుతున్నారు. అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ప్రాణాలది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది కాలినడకన పోతున్నవాళ్లు. వీధి నడుమ నడక ఈ రోజు ప్రమాదమే, కాదనను. అయితే అలవాటు మార్చుకోమని చెప్పేముందు, మారి ఎక్కడికి పోవాలో చూపాలి. ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. అయినా రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా ముందు పోతున్నవి చెట్టు, అరుగు. అలా వచ్చిన జాగా వాహనాలకే కలుస్తోంది.