గాజుతొట్టెలో సముద్రం



కొన్నేళ్ళ క్రితం వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని కాకినాడ వెళ్ళి, అక్కణ్ణించి ఉప్పాడ వెళ్ళాం. ఉప్పాడ అనగానే మనకి జాందానీ చీరలు గుర్తొస్తాయి గాని, పిల్లలకి చీరలతో ఏం పని? వాళ్ళు సముద్రం మీదికి పరుగెత్తారు. జాలరులు వల దులిపి, పనికిరావని పక్కన పారేసిన వాటిల్లో అయిదు చేతుల నక్షత్ర చేప ఒకటి మా చిన్నవాడి కంటబడింది. ఇంకా ప్రాణంతోనే ఉంది. సీసాలో సముద్రపు నీళ్ళు పట్టి, దాన్ని అందులో వేసుకుని, రాజమండ్రి దాకా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు.

ఇంటికొచ్చాక సీసా ఇరుగ్గా ఉందని బేసిన్‌లోకి మార్చాం. నీళ్ళు చాలలేదు. సముద్రమంటే ఉప్పునీళ్ళేగా అనుకుని, కుళాయి నీళ్ళలో గుప్పెడు వంటింటి ఉప్పు కలిపి పోసింది మరెవరో కాదు, నేనే. తెల్లారి చూసేసరికి దానిలో కదలిక లేదు. "అమ్మా, ఉప్పు కూడా వేశావుగా, మరెందుకు చచ్చిపోయింది?" అని అడిగాడు వాడు. నా దగ్గిర జవాబు లేదు. ఆ జవాబు కోసం వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, దొరికిన పుస్తకాలు చదువుతూ పోతే, ఇంట్లో సముద్రాన్ని నిలబెట్టడం వెనక ఇంత కథ ఉందా అనిపించింది. పైగా ఆ కథ మొదట్లో ఉన్నవాళ్ళు ఆడవాళ్ళే.

ముందు మావాడి ప్రశ్నకి జవాబు చెప్తాను. పేరుకి చేపే గాని అది చేప కాదు. దానికి వెన్నెముక లేదు, మెదడు లేదు, మనకున్నట్టు రక్తం కూడా లేదు. ఒంట్లో సన్నని గొట్టాలుంటాయి. వాటిల్లో తిరిగేది దాదాపు సముద్రపు నీరే. ఆ నీటి ఒత్తిడితోనే, చేతుల అడుగున ఉండే వందలాది చిన్న చిన్న పాదాలు సాచి నడుస్తుంది. అంచేత బయట నీళ్ళలో ఉప్పు ఎంతుంటే దాని ఒంట్లోనూ అంతే ఉంటుంది. బయట ఉప్పదనం ఉన్నట్టుండి మారితే తట్టుకునే శక్తి దానికి లేదు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో మన వంటింటి ఉప్పే కాదు, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు కూడా ఉంటాయి. గుప్పెడు ఉప్పు వేస్తే సముద్రం కాదు, చారు అవుతుంది. గోదావరి వరదలప్పుడు కాకినాడ అఖాతంలో ఉప్పదనం తగ్గిపోతుంది. అలాటి చోట నక్షత్ర చేపలు నిలవలేవు. మహా గోదావరి చేసే పనిని నేను మా బేసిన్‌లో ఒక్క చెంబుతో చేశానన్నమాట.

ఇక చరిత్రలోకి వద్దాం. పూర్వం సముద్ర జీవుల్ని చదవాలంటే చచ్చినవాటినే చదివేవారు. మన తీరం సంగతే చూడండి. 1780ల్లో విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు అక్కడి వలల్లో పడ్డ చేపలకి బొమ్మలు గీయించి, రెండువందల చేపల వివరాలతో పుస్తకం రాశాడు. అది 1803లో లండన్‌లో అచ్చయింది. మన జాలరులు పిలుచుకునే పేర్లు కూడా ఆయన అందులో ఎక్కించాడు. అది గొప్ప పనే. కాని అవన్నీ ఒడ్డున పడ్డ చేపలు. నీటిలో అవి ఎలా తింటాయో, ఎలా పెరుగుతాయో చూడాలంటే ఏం చెయ్యాలి?

దానికి దారి చూపింది ఒక కుట్టుపని అమ్మాయి. ఫ్రాన్సులో ఒక పల్లెటూళ్ళో 1794లో పుట్టిన ఝాన్ విల్‌ప్రో పద్ధెనిమిదో ఏట పారిస్ చేరి బట్టలు కుట్టే చోట పనికి కుదిరింది. 1816లో ఒక రాకుమారి పెళ్ళి దుస్తులు కుట్టి పేరు తెచ్చుకుంది. తరవాత పవర్ అనే వర్తకుణ్ణి పెళ్ళాడి, సిసిలీ ద్వీపంలో మెస్సీనా రేవులో కాపురం పెట్టింది. పెద్ద చదువులు లేవు. ఉన్నవల్లా చూసే కళ్ళు, ఓపిక. ఆ రోజుల్లో పండితులకొక తగువుండేది. ఆర్గొనాట్ అని ఆక్టోపస్ జాతి ప్రాణి ఒకటుంది. కాగితంలాంటి పల్చని గుల్లలో ఉంటుంది. ఆ గుల్ల అది సొంతంగా కట్టుకుంటుందా, ఇంకోదాని గుల్లలో దూరుతుందా అని. ఈవిడ 1832లో గాజుతొట్టెలు చేయించి, సముద్రపు నీళ్ళు నింపి, ఆర్గొనాట్‌లని అందులో పెంచి, గుల్ల అది కట్టుకునేదేనని కళ్ళారా చూసి నిరూపించింది. 1838లో ఆవిడ సేకరించిన సామగ్రి తీసుకెళ్తున్న ఓడ మునిగిపోయింది. అయినా ఆవిడ రాయడం మానలేదు.

కాని ఆవిడది సముద్రం పక్కనే ఇల్లు. నీళ్ళు పాడైతే కొత్త నీళ్ళు తెచ్చుకోవచ్చు. సముద్రానికి దూరంగా ఉండే మన రాజమండ్రిలాంటి ఊళ్ళవాళ్ళ మాటేమిటి? ఆ చిక్కు విప్పింది లండన్‌లో ఆనా థిన్ అనే గృహిణి. 1846లో ఆవిడ టార్కీ అనే సముద్ర తీరం నించి జీవమున్న పగడాల్ని లండన్‌కి తెచ్చింది. దారిలో ఒకదానికొకటి కొట్టుకోకుండా, వాటిని సూదీ దారంతో స్పాంజికి కుట్టేసిందట! సూదీ దారం సముద్ర శాస్త్రానికి పనికొస్తాయని ఎవరనుకుంటారు?

లండన్‌లో రోజూ కొత్త సముద్రపు నీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయి? ఉన్న నీళ్ళకే గాలి పట్టించాలనుకుంది. మనం కాఫీ చల్లారడానికి ఈ గ్లాసులోంచి ఆ గ్లాసులోకి తిరగబోస్తాం చూడండి, అలాగ తెరిచిన కిటికీ ముందు రోజుకి అరగంట, ముప్పావుగంట సేపు ఆ నీళ్ళని తిరగబోయించింది. తిరగబోసింది ఎవరనుకున్నారు? ఇంట్లో పనిమనిషి. తరవాత 1847లో తొట్టెలో సముద్రపు నాచు కూడా పెట్టింది. నాచు వెలుతుర్లో ప్రాణవాయువు వదుల్తుంది, పగడాలు పీల్చుకుంటాయి. అలా ఆ పగడాలు ఏళ్ళ తరబడి బతికాయి.

సరిగ్గా ఆ 1847లోనే మన ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట పని మొదలైంది. ఆనకట్ట అనగానే కాటన్ పేరు చెప్తాం గాని రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు మనకి తెలియవు. అలాగే థిన్ గారి పేరు పుస్తకాలకెక్కింది. చేతులు నొప్పెట్టేలా నీళ్ళు తిరగబోసిన ఆ పనిపిల్ల పేరు మాత్రం నాకెక్కడా కనబడలేదు. ఈనాడు ప్రతి అక్వేరియంలోనూ బుడబుడమంటూ గాలి వదిలే చిన్న పంపు ఉంటుంది. ఆ పంపు చేసేది ఆ పిల్ల చేసిన పనే.

ఆ తరవాత 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ అనే ఆయన రాసిన పుస్తకంతో 'అక్వేరియం' అన్న మాట ఇంటింటికీ చేరింది. దాంతో ఇంగ్లండ్‌లో అదొక వేలంవెర్రి అయిపోయింది. జనం సీసాలూ బుట్టలూ పట్టుకుని తీరాల మీద పడి, రాళ్ళ సందుల్లో ఉన్న అందమైన జీవుల్నల్లా ఏరుకుపోయారు. చాలా తొట్లలో అవి బతకలేదు కూడాను. తన పుస్తకం వల్లే ఆ తీరాలు బోసిపోయాయని గాస్ ఎంతో బాధపడ్డాడని ఆయన కొడుకు 1907లో రాశాడు. అది చదివినప్పుడు నాకు మా బేసిన్ గుర్తొచ్చింది.

మన వైపు ఆ ముచ్చట 1909లో వచ్చింది. మద్రాసు మెరీనా ఒడ్డున అక్వేరియం తెరిచారు. అప్పుడు మన గోదావరి జిల్లాలు మద్రాసు రాజధానిలోనివే గదా! రెండో ప్రపంచ యుద్ధంలో జపాను వాళ్ళు దాడి చేస్తారన్న భయంతో దాన్ని మూసేశారు. ఆ భయం ఉత్తది కాదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా, మన కాకినాడ మీదా బాంబులు పడ్డాయి.

ఇప్పుడు సముద్రపు లవణాల మిశ్రమం పొట్లాల్లో అమ్ముతున్నారు. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్ళోనూ ఉప్పునీటి అక్వేరియం పెట్టుకోవచ్చు. అలాగని సుళువు కాదు. జీవులు విసర్జించే మలినంలోంచి పుట్టే అమ్మోనియా వాటికే విషం. దాన్ని మార్చే సూక్ష్మజీవులు తొట్టెలో స్థిరపడడానికి వారాలు పడుతుంది. పైగా నక్షత్ర చేపని తొట్టె పెట్టి కొన్ని నెలలు గడిచాక గాని దించకూడదు. దించేటప్పుడు కూడా దాని నీళ్ళలోకి మన తొట్టె నీళ్ళు బొట్టు బొట్టుగా గంటల తరబడి కలపాలి. ఆవిరైపోయేది నీరు మాత్రమే, ఉప్పు అడుగునే ఉండిపోతుంది. అంచేత తగ్గినంత మేరా శుభ్రమైన మంచినీళ్ళే పొయ్యాలి. ఇక మన రోహిణీకార్తె ఎండలూ, కరెంటు కోతలూ ఉండనే ఉన్నాయి. ఇవన్నీ చూసుకోగలిగినవాళ్ళే ఆ సరదా పెట్టుకోవాలి. సముద్రపు గుర్రాలు, పగడాలు, నక్షత్ర చేపకి చుట్టమైన సముద్రదోస, వీటిని పట్టడం 2001 నించి మన దేశంలో నేరమని కూడా పిల్లలకి చెప్పాలి.

మొన్న ఉప్పాడ వెళ్ళినప్పుడు వల దులిపిన చోట మళ్ళీ ఒక నక్షత్ర చేప కనిపించింది. మావాడు ఇప్పుడు కాలేజీకి వెళ్తున్నాడు. నన్నేమీ అడగలేదు. తడి ఇసకతో సహా దోసిట్లో ఎత్తుకుని, మోకాలిలోతు నీళ్ళలోకి వెళ్ళి, మెల్లిగా వదిలి వచ్చాడు. "ఈసారి ఉప్పు సరిపోయిందమ్మా" అన్నాడు. నవ్వాను గాని, ఆనాటి బేసిన్ నా కళ్ళముందే ఉంది.