టేట్ మోడరన్

లండన్‌లో థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున, సెయింట్ పాల్ కెథడ్రల్‌కు ఎదురుగా ఉన్న ఆధునిక కళల గ్యాలరీ. 2000 వరకు ఆ భవనాన్ని బ్యాంక్‌సైడ్ విద్యుత్ కేంద్రంగానే పిలిచేవారు. మూతపడిన కర్మాగారాలను కళాకేంద్రాలుగా మార్చిన కథల్లో బాగా ప్రసిద్ధి పొందినది ఇదే.

విద్యుత్ కేంద్రానికి రూపకల్పన చేసినవాడు సర్ గైల్స్ గిల్బర్ట్ స్కాట్. బ్రిటన్‌లోని ఎర్ర టెలిఫోన్ బూత్ కూడా ఆయన సృష్టే. 1947లో మొదలైన నిర్మాణం రెండు విడతలుగా సాగింది. పడమటి సగం 1952లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టగా, మొత్తం పూర్తయ్యేసరికి 1963 వచ్చింది. అప్పటికి స్కాట్ చనిపోయి మూడేళ్లు. ఉక్కు చట్రం చుట్టూ 42 లక్షల ఇటుకలతో గోడలు లేపారు. పొగగొట్టం కెథడ్రల్ గుమ్మటాన్ని మించకూడదని 99 మీటర్ల దగ్గరే ఆపారు. బాయిలర్లు చమురుతో నడిచేవి. 1970ల్లో చమురు ధరలు ఎగబాకడంతో కేంద్రం నడపడం గిట్టుబాటు కాక 1981లో మూసేశారు.

తర్వాత పదేళ్లకు పైగా భవనం పాడుబడి ఉంది. లండన్‌లోనే మిల్‌బ్యాంక్‌లో ఉన్న టేట్ గ్యాలరీకి చోటు చాలక, ఆధునిక కళకు విడిగా ఓ గ్యాలరీ పెట్టాలని 1992లో నిర్ణయించారు. నికోలస్ సెరోటా నాయకత్వంలోని టేట్ 1994లో ఈ భవనాన్ని ఎంచుకుంది. దాన్ని గ్యాలరీగా మార్చే రూపకల్పన పోటీలో గెలిచిన స్విట్జర్లాండ్ వాస్తుశిల్పులు హెర్జోగ్, డి మ్యూరాన్‌ల గొప్పతనం వాళ్లు ముట్టుకోకుండా వదిలినదానిలో ఉంది. యంత్రాలు తీసేశాక మిగిలిన టర్బైన్ హాలు పొడవు 150 మీటర్లకు పైనే, ఎత్తు 35 మీటర్లు. అంత జాగా దొరికితే అంతస్తులు వేసి గదులుగా కోసేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. వాళ్లు దాన్ని ఖాళీగానే ఉంచి, పడమటి వైపు నుంచి విశాలమైన వాలుదారి వేశారు. ప్రదర్శన గదులను బాయిలర్ హౌస్‌లోకి మార్చారు, కప్పు మీద రెండంతస్తుల గాజు నిర్మాణం చేర్చారు. ఖర్చు 13.4 కోట్ల పౌండ్లు. 2000 మే 11న ఎలిజబెత్ రాణి ప్రారంభించింది. మొదటి ఏడాదే 50 లక్షల మందికి పైగా వచ్చారు.

ఆ ఖాళీ హాలు కళాకారులను కొత్త కొలతల్లో ఆలోచించేలా చేసింది. లూయీస్ బూర్జువా ఇక్కడ బ్రహ్మాండమైన ఉక్కు సాలెపురుగును నిలబెట్టింది. ముంబైలో పుట్టిన అనీష్ కపూర్ 2002లో హాలు పొడవునా ఎర్రటి పొరను సాగదీసి ‘మార్సియాస్’ చేశాడు. మరుసటి ఏడాది ఓలాఫుర్ ఎలియాసన్ కృత్రిమ సూర్యుణ్ణి వెలిగిస్తే, చూడవచ్చినవాళ్లు నేల మీద వెల్లకిలా పడుకుని కప్పుకు బిగించిన అద్దంలో తమను తాము చూసుకున్నారు. డోరిస్ సాల్సెడో 2007లో నేలనే చీల్చింది. పూడ్చిన ఆ పగులు జాడ తర్వాత కూడా కనబడుతూ ఉండేది.

దక్షిణ భాగంలోని సబ్‌స్టేషన్ మాత్రం గ్యాలరీ తెరిచాక కూడా పనిచేస్తూ వచ్చింది. భూగర్భంలోని పాత చమురు ట్యాంకులను 2012లో ప్రదర్శనలకు తెరిచారు. వాటి పైన అదే వాస్తుశిల్పులు జాలీ అల్లికలా ఇటుకలు పేర్చి కట్టిన పదంతస్తుల భవనం 2016లో ప్రారంభమైంది.