సముద్రతీరం నుండి కైలాసానికి

నెల్లూరు సీమవారికి హిమాలయం పరాయిది కాదు. పదమూడవ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువున మంత్రిగా ఉండిన తిక్కన సోమయాజి భారతంలో పదిహేను పర్వాలు తెనిగించినారు. వాటిలో మహాప్రస్థానిక పర్వం ఒకటి. రాజ్యం విడిచిన పాండవులు మొదట తూర్పుగా నడచి సముద్రం చేరుతారు. అక్కడ అర్జునుడు గాండీవాన్ని నీటిలో విడుస్తాడు. తరువాత దక్షిణం, పడమర తిరిగి, కడకు ఉత్తరాభిముఖులై హిమవంతం ఎక్కుతారు. ద్రౌపది మొదలుకొని ఒక్కొక్కరే నేలకొరుగుతారు. పెన్న కలిసే కడలికి ఇంత దగ్గరగా ఉన్న పట్టణంలో ఆ కథ తెలుగైనదంటే, కడలి ఒడ్డున మొదలై మంచుకొండపై ముగిసే యాత్ర ఈ నేలకు ఏనాడో పరిచయమయినదన్న మాట.

అయితే పాండవులు తిరిగివచ్చే తలంపుతో బయలుదేరలేదు. అందుచేత వారికి మూటా ముల్లెతో పని లేకపోయినది. తిరిగి ఇల్లు చేరదలచిన యాత్రికునికి మాత్రం సన్నాహమే సగం యాత్ర. ఈ సంగతి ఎరిగిన తెలుగువారిలో అగ్రగణ్యులు ఏనుగుల వీరాస్వామయ్యగారు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ద్విభాషిగా ఉండిన ఆయన 1830 మే 18న దాదాపు నూరుమంది పరివారంతో కాశీకి కదలినారు. కడప, హైదరాబాదుల మీదుగా పోయి, గయ, కలకత్తా చూచుకొని, కోస్తా బాటన మన నెల్లూరు మీదుగా 1831 సెప్టెంబరులో ఇల్లు చేరినారు. ఏ ఊళ్ళో ఏ సామాను దొరుకుతుంది, ఏ దారి ఎట్లా ఉన్నది, ఏ మజిలీ వసతిగలది - ఇవన్నీ మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారికి వ్రాసి పంపుతూ వచ్చినారు. ఆ వ్రాతలే 1838లో అచ్చయిన కాశీయాత్ర చరిత్ర. భక్తి ఎంత ఉన్నదో బియ్యం, కట్టెల చింత అంత ఉన్న గ్రంథమది. మాకు అది ప్రియమైనది ఆ రెండవదానివల్లనే.

కాశీ మైదానంలోని ఊరు. కైలాసం సంగతి వేరు. మానససరోవరం నీళ్ళు సుమారు 4,590 మీటర్ల ఎత్తున ఉన్నవి. కైలాస ప్రదక్షిణంలో దాటవలసిన డోల్మా కనుమ 5,600 మీటర్లకు పైమాట. అక్కడ గాలి పీడనం మన మైపాడు ఒడ్డున ఉన్నదానిలో ఇంచుమించు సగం. ఒక్కొక్క ఊపిరిలో అందే ప్రాణవాయువూ సగమే. పుట్టినది మొదలు సముద్రపు గాలి పీల్చినవారికి ఈ సగం లెక్క ప్రాణం మీది లెక్క.

ఈ లెక్కను కళ్ళారా చూచి, కాళ్ళారా కొలిచి, పదిమందికీ అందించినవారు కూడా ఒక తెలుగు కోస్తావారే కావడం మన భాగ్యం. గోదావరి సీమలో 1896లో జన్మించిన కనకదండి వెంకట సోమయాజులుగారు లాహోరులో చదివి, అక్కడనే రైల్వే లెక్కల కార్యాలయంలో ఉద్యోగం చేసి, సహాయ నిరాకరణోద్యమంలో దానిని వదలుకొన్నారు. స్వామి జ్ఞానానందగారి శిష్యులై స్వామి ప్రణవానంద అయినారు. ఆ గురువుగారు కూడా సామాన్యులు కారు. తరువాతి కాలంలో పరమాణు భౌతికశాస్త్రంలో పేరు గడించినారు. శిష్యునికి కొలతల మీద ఉండిన పట్టుదల ఎక్కడిదో దీనినిబట్టి ఊహించుకోవచ్చు.

ప్రణవానందస్వామి 1928లో కాశ్మీరు దారిన మొదటిసారి కైలాసం చేరినారు. 1935 తరువాత పెక్కు ఏండ్లు వరుసగా పోయి నెలల తరబడి ఆ గట్టుననే ఉండినారు. 1936-37లో పూర్తిగా ఒక ఏడాది మానససరోవరతీరంలో కాపురమున్నారు. చలికాలంలో ఆ సరస్సు గడ్డకట్టడం, మంచు పగుళ్ళువారేటప్పుడు పుట్టే ఘోష, వేసవి ముఖాన అది కరగడం - ఇవన్నీ దినచర్యగా వ్రాసిపెట్టినారు. బ్రహ్మపుత్ర, సింధు, సట్లెజ్, కర్ణాలి నదుల జన్మస్థానాలను గురించి పరిశోధించి 1939లో కలకత్తా విశ్వవిద్యాలయం ద్వారా గ్రంథం ప్రకటించినారు. 1949లో వెలువడిన కైలాస-మానససరోవర గ్రంథానికి నెహ్రూగారు ముందుమాట వ్రాసినారు. 1976లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చినది. 1989లో స్వామివారు పరమపదించినారు.

ఆ గ్రంథంలో మమ్మల్ని ఎక్కువసేపు నిలిపినది నదుల చర్చ కాదు, దారుల పట్టికలు. అల్మోడా నుండి కైలాసానికి 240 మైళ్ళకు అటూఇటుగా ఉన్నది. ఏ మజిలీకి ఎంత దూరం, ఏ ఉన్నిబట్టలు, ఏ మందులు వెంట ఉండాలి, గుర్రాలు, జడలబర్రెలు ఎక్కడ బాడుగకు కుదుర్చుకోవాలి - ఒక సన్యాసి సంసారి కంటె శ్రద్ధగా వ్రాసినారు. అందులో ఎవరూ వేరుగా ఎత్తి చూపనవసరం లేని మందు ఒకటున్నది: ఆలస్యం. కాలినడకను రోజుకొక మజిలీ చొప్పున పోయే యాత్రికుడు కొండలు ఎక్కుతూ దిగుతూ వారాల తరబడి నడచి గర్బ్యాంగ్ చేరి, ఆపైన లిపులేఖ్ కనుమ దాటేసరికి, అతని నెత్తురు పలుచని గాలికి అలవాటుపడి ఉండేది. బాట కష్టమే వైద్యం చేసేది.

సముద్రం అవతలినుండి వచ్చినవారిలోనూ ఈ సంగతి గ్రహించినవారున్నారు. జపానుకు చెందిన బౌద్ధభిక్షువు ఎకాయ్ కవాగుచి 1897 జూన్‌లో ఓడ ఎక్కి కలకత్తాలో దిగినాడు. దిగినవాడు దిగినట్లు టిబెట్టుకు పరుగెత్తలేదు. డార్జిలింగులో శరచ్చంద్ర దాసుగారి ఆశ్రయంలో టిబెటన్ భాష నేర్చినాడు. తరువాత నేపాళంలోని ముస్తాంగు సీమలో, ఎత్తైన త్సరాంగ్ గ్రామంలో నెలల తరబడి నివసించి, రాళ్ళు వీపున మోస్తూ కొండలెక్కి ఒళ్ళు గట్టిపరచుకొన్నాడు. టిబెట్టులో అడుగుపెట్టినది 1900 జూలైలో! మూడేండ్ల సన్నాహం. ఆ పిమ్మటనే మానససరోవరం, కైలాసం.

ఈనాటి ప్రవాసులకు మూడేండ్లు కాదు, మూడు వారాల సెలవు దొరకడమే గగనం. నెల్లూరు జిల్లా బిడ్డలు అమెరికాలో, గల్ఫు దేశాలలో ఉన్నారు. తల్లిదండ్రులను కైలాసం తీసుకుపోవాలని కోరుకునేవారు వారిలో ఉన్నారు. వారు తెలుసుకోవలసిన చరిత్ర కొంత ఉన్నది. 1954 ఏప్రిల్‌లో భారత-చైనాలు చేసుకొన్న ఒప్పందంలో యాత్రికుల రాకపోకలకు చోటు కల్పించినారు. 1962 యుద్ధంతో దారి మూసుకుపోయినది. 1981లో లిపులేఖ్ మీదుగా తిరిగి తెరచినారు. 2015లో నాథూలా మార్గం తోడయినది. 2020లో మహమ్మారి కారణంగా నిలిచిన యాత్ర 2025 వేసవిలో మళ్ళీ సాగినది. ఆ ఏడు లిపులేఖ్ దారిన 250 మందికి, నాథూలా దారిన 500 మందికి అవకాశమిచ్చినారు; ఎంపిక చీటీలు తీసినట్లు కంప్యూటరు చేసినది.

ఈ ప్రభుత్వ యాత్ర భారత పాస్‌పోర్టు కలవారికే. వయస్సు 18కి తక్కువ, 70కి ఎక్కువ ఉండరాదు; ఎత్తుకు తగిన బరువు చూపే బి.ఎం.ఐ. సంఖ్య 25 దాటరాదు. ఢిల్లీలో వైద్యపరీక్ష అయినా, లిపులేఖ్ దారిలో గుంజి వద్ద కొండగాలిలో మరొక పరీక్ష ఉన్నది. అక్కడ తప్పినవారు వెనుకకు మరలవలసినదే. దీనిని కాఠిన్యమనేవారున్నారు, మేము దయ అంటాము.

పరదేశ పౌరసత్వం తీసుకొన్నవారికి ఇందులో చోటు లేదు. వారు అనుమతిగల యాత్రాసంస్థ ద్వారా టిబెట్టు అనుమతిపత్రం పొంది, జట్టుగా, నేపాళం మీదుగానో లాసా మీదుగానో పోవాలి. నేపాళపు దారులలో ఒకటి నేపాల్‌గంజ్ నుండి విమానంలో సిమికోట్‌కు, అక్కడనుండి హెలికాప్టరులో సరిహద్దు గ్రామం హిల్సాకు. మైదానపు వేడినుండి 3,600 మీటర్లకు ఒకటి రెండు రోజులలో ఎగిరిపోవచ్చు. వారాల నడక చేసిన వైద్యం ఇక్కడ లోపించినది. తలనొప్పి, వాంతులు మొదలై, ఊపిరితిత్తులలో నీరు చేరే దాకా, మెదడు వాచే దాకా పోవచ్చు; అప్పటికి తప్పించుకొనే ప్రధానోపాయం వెంటనే క్రిందికి దిగడం. మబ్బు క్రమ్మితే హెలికాప్టరు ఎగురదు. 2018 జూలైలో వాతావరణం చెడి వందలకొలది భారతీయ యాత్రికులు సిమికోట్, హిల్సాలలో చిక్కుబడినారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. లిపులేఖ్ దారికీ ఆపద తప్పలేదు. 1998 ఆగస్టు 18న మాల్పా వద్ద కొండ విరిగిపడి రెండువందలమందికి పైగా మరణించినారు. వారిలో అరవైమంది వరకు కైలాసయాత్రికులు.

కనుక పరదేశంనుండి వచ్చేవారు విమానపు టిక్కెట్టుకంటె ముందు రోజుల లెక్క వేసుకోవాలి. మూడువేల మీటర్లు దాటినపిదప నిద్రించే ఎత్తును రోజుకు ఐదువందల మీటర్లకు మించి పెంచరాదని, మూడు నాలుగు రోజులకొకసారి విశ్రాంతి కావాలని వైద్యులు చెప్పుతారు. ఆ లెక్కన సిమికోట్‌లోనూ తక్లాకోట్‌లోనూ అదనపు రాత్రులు గడపక తప్పదు. యాత్రాసంస్థ ఇచ్చిన పట్టికలో ఆ రాత్రులు లేకుంటే అడిగి వ్రాయించుకోవాలి. ఇంటిలోని పెద్దలను నెల్లూరునుండి రప్పించుకొనేవారు గుండె, నెత్తురుపోటు, మధుమేహం చూపించి, నిత్యం నాలుగైదు మైళ్ళ నడక కనీసం మూడు నెలల ముందే మొదలుపెట్టించాలి. కృష్ణపట్నం దారిలోనో మైపాడు ఇసుకలోనో నడిస్తే కాళ్ళకు సత్తువ వస్తుంది. పలుచని గాలి మాత్రం ఆ కొండ మీదనే అలవాటు కావాలి.