మంటకు రెండు విడతల గాలి

పొగ కనబడకపోతే మంట మంచిదేనని అనుకుంటాం. 1940లలో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరాన్ని కళ్లు మండించే మసక కమ్మింది. హైడ్రోకార్బన్లు, నత్రజని ఆక్సైడులు ఎండలో కలిసి దానికి కారణమవుతున్నాయని 1950ల తొలినాళ్లలో హాగెన్-స్మిట్ అనే శాస్త్రవేత్త తేల్చారు.

ఆ ఆక్సైడులు ఎక్కడివి? మంట మరీ వేడెక్కితే గాలిలోని నత్రజనే ప్రాణవాయువుతో కలుస్తుందని సోవియట్ శాస్త్రవేత్త జెల్డోవిచ్ 1946లోనే వివరించారు. అంటే బాగా మండే బాయిలరూ దోషే!

1950ల చివర దక్షిణ కాలిఫోర్నియా విద్యుత్ కేంద్రాల బాయిలర్లలో ఇంజనీర్లు బర్నరు దగ్గర గాలి తగ్గించి, మిగతాది మంట పైభాగాన ఇచ్చి చూశారు. మంట తీవ్రత తగ్గింది, ఆక్సైడులూ తగ్గాయి. నేటి బర్నర్లలో ఎన్నో ఈ సూత్రం మీదే తయారవుతున్నాయి.

కాబట్టి మన ఊరి ఫ్యాక్టరీ గొట్టంలో పొగ కనబడలేదని నిశ్చింతగా ఉండకూడదు. లోపల మంటకు గాలి ఎలా అందుతోందో అడగాలి.